ఎర్ర ట్యాగు కట్టిన ల్యాప్‌టాప్

"వైఫై రావడం లేదండీ" అని ఎవరైనా ఫోను చేస్తే నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే.

"అప్‌డేట్ చేశారా?"

"లేదండీ."

"అదే చేసుకుందా?"

అటునుంచి ఇంట్లోవాళ్ళని అడుగుతున్నట్టు వినిపిస్తుంది. తర్వాత నెమ్మదిగా, "ఆఁ, రాత్రేదో చేసుకుంది" అంటారు, ఇంట్లో కుర్రాడు సిగరెట్ కాలుస్తూ దొరికాడని చెప్పినట్టు.

దుర్గ్ పక్కన ఉక్కు ప్లాంటు ఉన్న మా ఊళ్ళో, పవర్ హౌస్ మార్కెట్లో ఒక కంప్యూటర్ రిపేరు షాపులో పనిచేసి నిరుడు రిటైరయ్యాను. మొదట్లో టైపు మిషన్లు బాగుచేసేవాణ్ణి. తర్వాత బల్లంత కంప్యూటర్లు వచ్చాయి, ఆ తర్వాత ల్యాప్‌టాప్‌లు. టైపు మిషనుకి ఎన్ని రోగాలైనా ఉండొచ్చుగాని, మనం పడుకున్నాక లేచి తనను తాను మార్చుకునే అలవాటు దానికి లేదు. ఆ ఒక్క గుణానికే దానికి దండం పెట్టాలి.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను అడుగుతుంటారు, మీరు చూసిన వాటిలో అన్నిటికంటే కష్టమైన కేసు ఏదని. ఏ మదర్‌బోర్డు కథో చెబుతాననుకుంటారు. నేను దారం ముక్క కథ చెబుతాను. వాళ్ళు మర్యాదకి వింటారు. మీరూ అలాగే వినండి.

రిటైరవడానికి కొన్ని నెలల ముందు సంగతి. ప్లాంటు క్వార్టర్లున్న సెక్టర్ 6 నుంచి ఒకావిడ ఫోను చేసింది. ఒక ప్రైవేటు స్కూల్లో ఏళ్ళ తరబడి కాంట్రాక్టు మీద సైన్సు చెబుతున్న టీచరు. మర్నాడు పదకొండు గంటలకి వేరే స్కూలువాళ్ళు ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ పెట్టారు. పర్మనెంటు ఉద్యోగం. కెమెరా ముందు పాఠం చెప్పి చూపించాలి. ఫోనులో కుదరదు. ఇంటర్వ్యూవాళ్ళ సాఫ్ట్‌వేరు ఆవిడ ల్యాప్‌టాప్ మీదే రిజిస్టరయింది, ఇంకో దాంట్లో తెరుచుకోదు. ఆ ల్యాప్‌టాప్ రాత్రి అప్‌డేట్ చేసుకుని, పొద్దున్నకల్లా వైఫై అనే మాటే మర్చిపోయింది.

"ఇంకోసారి రాసుకోవచ్చులెండి" అన్నాను, ధైర్యం చెబుదామని.

"ఇదే లాస్ట్ అంకుల్. వచ్చే ఏడాదికి ఏజ్ దాటిపోతాది. అప్లికేషనే తీసుకోరు."

ఆ మధ్యాహ్నమే వెళ్ళాను. క్వార్టరు ఆవిడ భర్త పేరు మీద ఉంది. అతనికి ఆ వారం ప్లాంటులో మొదటి షిఫ్టు. తలుపు తీసింది ఆవిడ మామగారు. రోలింగ్ మిల్లులో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా రిటైరైన పెద్దమనిషి. మాది విజయనగరం వైపు, ఆయనది శ్రీకాకుళం వైపు. ఆ సంగతి తేలడానికి ఒక కప్పు టీ పట్టింది. మా ఇద్దరికీ తెలిసినవాళ్ళు ఎవరూ లేరని తేలడానికి రెండో కప్పు పట్టింది.

ల్యాప్‌టాప్ తెరిచి చూస్తే వైఫై గుర్తే లేదు, విమానం బొమ్మ ఒక్కటే ఉంది. లోపల ఉన్న వైర్‌లెస్ కార్డు అసలు అక్కడ ఎప్పుడూ లేనట్టు జాబితాలోంచి మాయమైంది. డ్రైవరు తీసి మళ్ళీ ఎక్కించాను. నెట్‌వర్క్ అంతా రీసెట్ చేశాను. అప్‌డేట్ వెనక్కి తీద్దామంటే, అది తీయడానికి వీల్లేదని ల్యాప్‌టాప్ చాలా మర్యాదగా చెప్పింది. ఇక మిగిలింది ఒకటే. వెనక మూత విప్పి, బ్యాటరీ తీగ ఊడదీసి, రాత్రంతా చుక్క కరెంటు లేకుండా వదిలెయ్యాలి. ఒక్కోసారి కార్డు దానంతట అదే తేరుకుంటుంది. తేరుకోకపోతే పొద్దున్నే కొత్త కార్డు వెయ్యాలి.

స్క్రూడ్రైవరు తీసేసరికి వెనక నుంచి గొంతు వినిపించింది. "ఆగు. షట్‌డౌన్ తీసుకున్నావా?"

"షట్‌డౌన్ చేశానండీ ఫోర్‌మన్‌గారూ."

"సెయ్యడం కాదు బాబూ. తీసుకోడం."

లోపలికి వెళ్ళి ఒక ఎర్ర అట్టముక్క, దారం తెచ్చారు. మిల్లుల్లో పనిచేసినవాళ్ళకి ఇది తెలుసు, మిగతావాళ్ళకి చెబుతాను. మోటారో క్రేనో బాగుచేసేవాడు ముందు కరెంటు ఆపించి, ఆ స్విచ్చికి తన పేరు రాసిన ఎర్ర ట్యాగు కడతాడు. ట్యాగు ఉన్నంతసేపు ఆ స్విచ్చి జోలికి ఎవరూ వెళ్ళకూడదు. పని అయ్యాక కట్టినవాడే వచ్చి, తన చేత్తో విప్పాలి. మేనేజరైనా సరే, ఇంకొకడు ముట్టుకోకూడదు. మంచి పద్ధతి. దానివల్ల ఎందరి ప్రాణాలో నిలిచాయి. ఈ పెద్దమనిషి ఆ పద్ధతిని రిటైరయ్యాక ఇంటికి తెచ్చుకున్నారు, అంతే తేడా. కూలరుకీ ట్యాగే, నీళ్ళ పంపుకీ ట్యాగే. ఒకసారి మిక్సీకి ట్యాగు కట్టి, మర్చిపోయి ఊరెళ్ళారట. ఆయన తిరిగొచ్చేదాకా ఇంట్లో రోటి పచ్చడే తిన్నారని కోడలు నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. అక్కడే కొంచెం ఆలోచించి ఉండాల్సింది.

"పేరు రాయి. సంతకం ఎట్టు. గీకుడు కాదు, పేరు తెలియాల."

పెద్దాయన ముచ్చట తీరుద్దామని పేరు రాసి, సంతకం పెట్టి, ఛార్జరు పిన్నుకీ మూత విప్పిన ల్యాప్‌టాప్‌కీ కలిపి ట్యాగు కట్టాను. ఆయన ముడి లాగి చూసి తల ఊపారు.

మర్నాడు నేను ఊళ్ళో ఉండను. మా ఆవిడ మేనకోడలి పెళ్ళి, పొద్దున్నే బండి. మా షాపులో నాతో పనిచేసే దీదీ వచ్చి మిగతా పని చూస్తుందని చెప్పాను. దీదీ అంటే హిందీలో అక్క. నాకంటే చాలా చిన్నది, కానీ బజారంతా ఆమెను అలాగే పిలుస్తుంది. పుట్టి పెరిగింది దుర్గ్‌లో. తెలుగు వాళ్ళ నాన్న కోసం మాట్లాడుతుంది, హిందీ తన కోసం మాట్లాడుకుంటుంది. పనిలో నాకంటే చురుకు. ఆమె వెళ్తోందంటే నేను నిశ్చింతగా పెళ్ళి భోజనం గురించి ఆలోచించుకోవచ్చు.

మర్నాడు పవర్ హౌస్ స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద నేను, మా ఆవిడ, రెండు సూట్‌కేసులు, చదివింపులకని కొన్న ఇత్తడి బిందె. దుర్గ్ నుంచి బండి బయల్దేరిందని అనౌన్స్ చేశారు. అప్పుడు మోగింది ఫోను.

"భయ్యా, అంకుల్ హాథ్ లగానే నహీ దే రహే, ముట్టుకోనివ్వడం లేదు" అంది దీదీ. "ట్యాగ్ మీద మీ పేరుంది కదా, మీరే రావాలంట."

"కొత్త కార్డు తెచ్చావని చెప్పలేదా?"

"చెప్పాను. ఫోన్‌కి తీగ పెట్టి కూడా నెట్ ఇచ్చెయ్యొచ్చు, అదీ చెప్పాను. కార్డ్ లావో, తార్ లావో, కుఛ్ భీ లావో, ఏం తెచ్చినా ముందు ట్యాగ్ తీసేవాణ్ణి తెమ్మంటున్నారు."

"ఫోను ఆయనకియ్యి."

"ఫోన్ పట్టుకోరంట. స్పీకర్ పెడతాను, మీరే బోలో."

నేను ప్లాట్‌ఫారం మీద గొంతెత్తి అరిచాను. "ఫోర్‌మన్‌గారూ, నేనేనండీ! ఆ ట్యాగు తీయించెయ్యండి. నేను ఒప్పుకుంటన్నాను."

దూరం నుంచి ఆయన గొంతు వినిపించింది. "ఎవలదో గొంతు. ఎవలదో నాకేటి తెల్సు?"

"నిన్న మీ ఇంట్లో రెండు కప్పులు టీ తాగిన గొంతండీ!"

"మా ఇంట్లో టీ సానామంది తాగుతారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత వయసొచ్చి, ఇంటి కోడలి ఉద్యోగం పోతుంటే ఈయనకి మిల్లు రూళ్ళు కావాల్సొచ్చాయా అనిపించింది. "ఆవిడేం చేస్తోంది?" అని దీదీని అడిగాను.

"చీర కట్టుకుని, జడ వేసుకుని, బంద్ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది భయ్యా" అంది దీదీ. ఆమె గొంతు అలా మెత్తబడడం నేను అదివరకు వినలేదు.

ఫోను పెట్టేసి మా ఆవిడకి విషయం చెప్పాను.

"బండొచ్చేస్తంటే ట్యాగేటండీ?" అంది.

"దాని మీద నా పేరుందే. నేను కట్టేను. నేనే విప్పాలి."

"నా మెళ్ళోనూ మీరే కట్టేరు. దానికి ఒక్కనాడైనా ఇలగ పరిగెత్తేరా?"

బండి కూత వినిపించింది. ఆవిడ నా మొహం చూసి, సూట్‌కేసు ఒకటి నా వైపు తోసింది. "ఎల్లండి. పాపం ఆ పిల్ల కూకునుంటాది. నేనెల్లిపోతాను. ఆ బిందొకటీ బండిలో ఎక్కించీసి ఎల్లండి."

బిందె ఎక్కించాను, ఆవిడనీ ఎక్కించాను. బయటికొచ్చి సెక్టర్ 6 అంటే ఆటోవాడు ఇంకో ఇద్దరు ప్యాసింజర్లు దొరికితేగాని కదలనన్నాడు. ఆ ఇద్దరూ నేనే అనుకో బాబూ అని ఎక్కి కూర్చున్నాను. సూట్‌కేసు ఒళ్ళో పెట్టుకుని సెక్టర్ల మీదుగా వెళ్తుంటే, ముందు ట్యాగు విప్పుతాను, ఆ తర్వాత పెద్దాయనకి నాలుగు మాటలు చెబుతాను అనుకున్నాను. ఆ నాలుగు మాటలూ వరసగా పేర్చుకున్నాను కూడా.

గుమ్మంలో ఫోర్‌మన్‌గారు నిలబడి ఉన్నారు. నన్ను చూడగానే ఏమీ జరగనట్టు, "ఒచ్చేవా? రా" అన్నారు. లోపల దీదీ గోడకానుకుని కోపంగా ఉంది. టీచరమ్మ బల్ల దగ్గర చేతులు కట్టుకుని కూర్చుంది. ల్యాప్‌టాప్‌కి నా ఎర్ర ట్యాగు వేలాడుతోంది, నా పేరు స్పష్టంగా, గీకుడు కాకుండా.

"అది నీ సంతకమేనా?"

"నాదేనండీ."

"పనయిపోయిందా?"

"మూత బిగిస్తే అయిపోయినట్టేనండీ."

ఆయన నా ముందుకొచ్చి నిలబడ్డారు. గొంతు తగ్గించి అడిగారు. "అందరూ బయిటికి ఒచ్చీసేరా? లోపలెవరూ నేరు కదా?"

అరచేయి మందం లేని ల్యాప్‌టాప్. దీదీకి కోపంలోనూ నవ్వొచ్చి మొహం తిప్పేసుకుంది. నాకూ నవ్వొచ్చేదే. కానీ టీచరమ్మ నా వైపు ఒక్క చూపు చూసింది, నవ్వకండి అన్నట్టు. ఆయన రెప్ప వెయ్యకుండా నా మొహంలోకే చూస్తున్నారు, అప్పుడు గమనించాను. నేను పేర్చుకొచ్చిన నాలుగు మాటలూ ఎటు పోయాయో తెలీదు.

"ఎవరూ లేరండీ" అన్నాను. "అందరూ బయటే ఉన్నారు."

"అయితే తియ్యి."

ముడి విప్పాను. ట్యాగు ఆయన చేతికిచ్చాను. బ్యాటరీ తీగ తగిలించి, మూత బిగించి, ఆన్ చేశాను. తెర మీద చక్రం ఒకటి తిరగడం మొదలుపెట్టింది. కింద అక్షరాలు వచ్చాయి. అప్‌డేట్ మిగిలినది పూర్తవుతోందట, దయచేసి కంప్యూటరు ఆపవద్దట.

దీదీ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. టీచరమ్మ కళ్ళు మూసుకుంది. ఫోర్‌మన్‌గారు ముందుకు వంగి, అదేం చెబుతోందని నన్నడిగి తెలుసుకుని, తృప్తిగా తలూపారు. "సూసేవా? ఆళ్ళూ ట్యాగు కట్టేరు. ముట్టుకోకు."

మేమెవరమూ ముట్టుకోలేదు. చక్రం తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. నా ఉద్యోగంలో చక్రాలు చాలా చూశాను. దేన్నీ అంత భక్తితో చూడలేదు. చివరికి తెర తెరుచుకుంది. మూలన వైఫై గుర్తు వచ్చింది. నొక్కితే వాళ్ళింటి పేరు, పక్కింటి పేరు, ఎదురింటి పేరు, అన్నీ వరసగా లేచొచ్చాయి. రాత్రంతా కరెంటు లేకుండా పడుకుని కార్డు తనంతట తానే తేరుకుంది. దీదీ తెచ్చిన కొత్త కార్డు కవరులోంచి బయటికే రాలేదు. నేను చేసిన రిపేరల్లా ముడి విప్పడం.

"పదకొండు కావస్తోంది, అందరూ బయటికెళ్ళండి" అంది టీచరమ్మ. వెళ్ళాం. ఆవిడ తలుపు వేసుకుంది. ఫోర్‌మన్‌గారు ఆ తలుపు ముందే నిలబడ్డారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

దీదీ ఉండబట్టలేక అడిగేసింది. "అంకుల్, ఆమె ఉద్యోగం పోతే ఏం చేసేవారు? ఒక దారం కోసం?"

చేతిలో ట్యాగు అటూ ఇటూ తిప్పుతూ ఉన్నారు. తర్వాత మొదలుపెట్టారు. ప్లాంటులో చేరకముందు, రాయపూర్ దారిలో ఒక చిన్న ప్రైవేటు మిల్లులో పనిచేశారట. ఇప్పుడు ఆ మిల్లు లేదు. ఆయనతోపాటు ఒకే ఊరినుంచి వచ్చిన స్నేహితుడు కూడా అక్కడే. ఒకే గది, ఒకే పొయ్యి. ఒకరోజు స్నేహితుడు రోలర్ల కిందికి రిపేరుకి దిగాడు. స్విచ్చి దగ్గర ఈయన. ట్యాగు మీద పేరు స్నేహితుడిది.

"ఫోనొచ్చింది. సబ్ బాహర్ హై, చాలూ కరో, అందరూ బయిటే ఉన్నారు ఎయ్యి అన్నాడెవడో. నమ్మీసేను. ఈ సేత్తోనే ట్యాగు తీసేను. ఈ సేత్తోనే స్విచ్చి ఏసేను." ఆ చెయ్యి చాపి చూపించారు. "ఆడు లోపలే ఉన్నాడు. సెయ్యి మోచేతి దాకా పోయింది."

గోడకానుకున్న దీదీ నిటారుగా నిలబడింది.

"ఫోను సేసింది ఎవడో ఇప్పటికీ తెల్దు. అందరూ నేను కాదంటే నేను కాదన్నారు."

"ఆయన ఇప్పుడు...?" అన్నాను.

"ఉన్నాడు. ఇక్కడే, రుఆబాంధాలో, కొడుకు దగ్గిర."

"వెళ్తుంటారా?"

"ఏ మొకం ఎట్టుకుని?"

"ఆయనేమన్నా అన్నారా, రావద్దని?"

ఆయన ట్యాగు మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇంత దగ్గర్లో ఉండి, సగం జీవితానికి పైన గడిచిపోయినా ఈ మనిషి ఆ గుమ్మం తొక్కలేదంటే నాకు చాలా బాధేసింది. ఏదో అందామనుకున్నాను. అంతలో తలుపు వెనక పాఠం మొదలైంది. ఎదురుగా లేని పిల్లలకి ఆవిడ హిందీలో ఎలక్ట్రిక్ సర్క్యూట్ చెబుతోంది. కరెంటు ఎక్కడ బయల్దేరి, ఎక్కడెక్కడ తిరిగి, మళ్ళీ ఎక్కడికి చేరుతుందో. ఎక్కడా తడబడలేదు. ఫోర్‌మన్‌గారు చెవి తలుపుకి ఆనించి విని, "ఫ్యూజు సంగతి సెప్పలేదు" అని మా వైపు ఆందోళనగా చూశారు. మరో నిమిషానికి ఆవిడ ఫ్యూజు దగ్గరికి వచ్చింది. ఆయన ఊపిరి వదిలారు.

ఇంటర్వ్యూ ముగించుకుని బయటికొచ్చిన టీచరమ్మ మొహంలో నెత్తురుచుక్క లేదు. "అయిపోయింది మామయ్యా. బాగానే చెప్పీసేను" అంది. ఆయన అప్పుడు గాని కూర్చోలేదు.

మమ్మల్ని గేటు దాకా పంపడానికి వచ్చినప్పుడు దీదీ ఆవిడ్ని పట్టుకుంది. "వంటింట్లో కత్తెర లేదా మీకు? కోసెయ్యొచ్చు కదా?"

"ఉంది. పొద్దుట్నించి దానికేసే చూసేను" అంది ఆవిడ. "కోసీవచ్చు. తర్వాత ఆయన మొహం ఎలగ చూడ్ను? ఉద్యోగం ఇక్కడ కాపోతే ఇంకెక్కడో వెతుక్కుంటాను."

ఇంకెక్కడా దొరకదని ఆవిడకీ తెలుసు, మాకూ తెలుసు. దీదీ స్కూటరు మీద షాపుకొచ్చేశాం. నేను మర్నాటి బండికి వెళ్ళేసరికి తలంబ్రాలు అయిపోయాయి. మా అత్తవారి వైపు జనం నన్ను చూసి, ట్యాగు బావ వచ్చాడన్నారు. మా ఆవిడ బిందెతోపాటు కథను కూడా నాకంటే ముందే చేరవేసింది. ఆ పేరు ఇప్పటికీ నడుస్తోంది.

ఆ తర్వాత ఒకరోజు ఫోర్‌మన్‌గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని షాపుకొచ్చారు. చేతిలో రెండు మిఠాయి డబ్బాలు. కోడలికి ఉద్యోగం వచ్చింది. దీదీ కౌంటరు వెనకనుంచి కెవ్వున అరిచింది. ఒక డబ్బా మాకిచ్చారు. రెండోది ఇవ్వలేదు.

"బాబూ, పనేటన్నా ఉందా?"

"లేదు చెప్పండి."

"రుఆబాంధా దాకా తీసుకెల్తావా?"

స్కూటరు తీశాను. దారి పొడుగునా ఆయన వెనక కూర్చుని, డబ్బా మా ఇద్దరి మధ్య పెట్టుకుని, నెమ్మదిగా పోనీ, నెమ్మదిగా పోనీ అంటూనే ఉన్నారు. నేను అప్పటికే సైకిలు కంటే నెమ్మదిగా పోతున్నాను.

ఇల్లు దొరికింది. గేటు చిన్నది, గొళ్ళెం కూడా వేసి లేదు. వరండాలో ఒక ముసలాయన ఒంటిచేత్తో కూరగాయల మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు. ఎడమ చెయ్యి మోచేతి దగ్గరే నున్నగా ఆగిపోయింది. ఫోర్‌మన్‌గారు స్కూటరు దిగారు. గేటు దగ్గరికి వెళ్ళారు. అక్కడే నిలబడిపోయారు. చెయ్యి గేటు మీదికి వెళ్ళింది, వెనక్కొచ్చింది.

ముసలాయన నీళ్ళ చెంబు దించి ఇటు చూశాడు. చాలాసేపు చూశాడు. ఆనవాలు పట్టాడని ముసలాయన నిలబడ్డ తీరు బట్టే నాకు తెలిసిపోయింది.

"ఏట్రా," అన్నాడు, "గేటుకి ట్యాగేటన్నా కట్టీసుందేటి? లోపలికి రా."

ఫోర్‌మన్‌గారు గేటు తీసుకుని లోపలికి వెళ్ళారు. నేను స్కూటరు దగ్గరే ఉండిపోయాను, అది అక్కడ అడ్డంగా ఉందని.